ఆదివారం ఫ్లాస్కు

మా చిన్నత్తని ఇంట్లో అందరూ పిట్ట అని పిలిచేవారు. అసలు బిరుదు పిరికిపిట్ట. పెద్దయ్యాక మర్యాద కోసం ముందు సగం తీసేశారు. బల్లి కనబడితే గదిలోంచి పరుగు, ఉరిమితే మంచం కింద. సూది చూస్తే చాలు, కళ్ళు తేలేసేది. బడికి టీకాలవాళ్ళు వచ్చిన రోజు మరుగుదొడ్లో దూరి గడియ పెట్టుకుంటే, మా నాన్న వెళ్ళి చెల్లెల్ని బతిమాలి బయటికి తెచ్చాడట. అలాంటి మనిషి జీవితమంతా ఏం పని చేసిందో నాకు ఈ మధ్యనే తెలిసింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. చివరి భాగం మాత్రం నేను కళ్ళారా చూసిందే.

ఆమెకి పదిహేనేళ్ళప్పుడు మా నాన్నమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. తాత బస్సు డ్రైవరు, ఎప్పుడు ఇల్లు చేరతాడో ఆయనకే తెలియదు. నాన్న అప్పటికే వేరే ఊళ్ళో పనికి కుదిరాడు. ఆడపిల్లని ఒంటరిగా ఉంచలేక కొండ మీది బాలికల బోర్డింగ్ స్కూల్లో పదో తరగతిలో చేర్చారు.

అది రాతి గోడల పాత భవనం. పొడుగాటి వరండా, అటూ ఇటూ గదులు. గదికి రెండు మంచాలు, ఒక బీరువా, ఒక బల్ల. తడి బూట్ల వాసన, ఫినాయిల్ వాసన ఎప్పుడూ కలిసే ఉండేవి. వార్డెనమ్మ నడుముకి వేలాడే తాళాల గుత్తి చప్పుడైతే వరండా అంతా గప్‌చుప్. అత్త గదిలో రెండో మంచం ఖాళీగా ఉండేది. ఒక్కతే పడుకోలేక లైటు ఆర్పకుండా పడుకుని రోజూ తిట్లు తినేది. తోడుగా కొత్త అమ్మాయి వస్తోందని తెలిసి ఎగిరి గంతేసింది.

వచ్చిన అమ్మాయి పొడుగ్గా, సన్నగా, సుద్దముక్కలా పాలిపోయి ఉంది. చేతిలో నల్ల గొడుగు. ఒంటికి ఎండ పడని జబ్బని చెప్పి, తరగతి నుంచి భోజనాల గదికి వెళ్ళాలన్నా గొడుగు తెరిచేది. పిల్లలు ఊరుకుంటారా? వారం తిరక్కుండా ఆమె పేరే గొడుగు అయిపోయింది.

గొడుగు మంచిది. బల్లిని కాగితంతో పట్టి కిటికీలోంచి వదిలేసేది. ఉరిమితే తన మంచం అత్త మంచానికి ఆనించేది. ఏ పాఠమైనా టీచరు చెప్పకముందే ఆమెకి వచ్చు. "ఇదంతా ముందే చదివేశావేంటే?" అని అత్త అడిగితే నవ్వి ఊరుకునేది. భోజనాల దగ్గర మాత్రం తన కంచంలోదంతా చల్లగా అత్త కంచంలోకి జార్చేసేది. "నాకు ఆకలి లేదు, నువ్వు తిను." ఆ ఏడు అత్త బాగా ఒళ్ళు చేసింది.

ఆదివారం ఇళ్ళవాళ్ళు వచ్చే రోజు. గొడుగు కోసం ఒకావిడ వచ్చేది. నెరుస్తున్న జుట్టు, అలిసిపోయిన ముఖం, చేతిలో పెద్ద స్టీలు ఫ్లాస్కు. వాళ్ళమ్మ అనుకున్నారందరూ. ఆ ఫ్లాస్కు వారమంతా బీరువా అడుగున, దుప్పట్ల వెనక ఉండేది. "కషాయం. వాసన చూశావంటే వాంతి చేసుకుంటావు," అంది గొడుగు. అత్త దాని జోలికి పోలేదు. కషాయమన్నా ఆమెకి భయమే మరి.

ఒక ఉదయం అత్త స్నానాల గదిలో తువ్వాలు మర్చిపోయి వెనక్కి వెళ్ళింది. ముఖం కడుక్కునే తొట్ల మీద గోడ పొడవునా అద్దం. పిల్లలందరూ వెళ్ళిపోయారు. గొడుగు ఒక్కతే తొట్టి మీదికి వంగి ముఖం కడుక్కుంటోంది. తువ్వాలు అందుకుంటూ అత్త అద్దంలోకి చూసింది. అద్దంలో తను ఉంది. కుళాయి ఉంది, అందులోంచి పడే నీళ్ళున్నాయి. గొడుగు లేదు.

తువ్వాలు పట్టుకునే గచ్చు మీద కూలబడింది.

గొడుగు కుళాయి కట్టేసి ఆమె ఎదురుగా చతికిలబడింది. "భయపడకే."

"నువ్వు... దెయ్యానివా?"

"చచ్చిపోతేగా దెయ్యమయ్యేది? ఆ ఫ్లాస్కులో ఉన్నది కషాయం కాదు, మేక రక్తం. అది తాగితే మామూలుగా ఉంటాను. మనిషి జోలికి ఎప్పుడూ పోలేదు. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు ఒట్టు! నీ మీద వేసుకో!"

గొడుగు ఫక్కున నవ్వింది. ఆ నవ్వులో అత్త మొదటిసారి ఆమె కోరపళ్ళు చూసింది. తనకి మాత్రం నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం అత్త వార్డెనమ్మ గది తలుపు తట్టింది, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని. "ఏంటి?" అని వార్డెనమ్మ కళ్ళజోడు పైనుంచి చూసేసరికి మాట తడబడింది. ఎవరు నమ్ముతారు? నమ్మితే గొడుగుని ఏం చేస్తారు? చివరికి "దుప్పటి చాలట్లేదండీ" అంది. దుప్పటి పట్టుకుని గదికొస్తే గొడుగు మంచం మీద బట్టలు సర్దుకుని కూర్చుని ఉంది.

"చెప్పావా?"

"దుప్పటి ఇచ్చింది," అంది అత్త.

ఆ దుప్పటి మెడ చుట్టూ చుట్టుకుని చాలా రోజులు పడుకుంది. అవతలి మంచం కిర్రుమంటే చాలు, లేచి కూర్చునేది. తెల్లవారాక మెడ తడుముకుని, ఏమీ లేదని తేల్చుకునేది. మనిషి దేనికైనా అలవాటు పడతాడంటారు. అత్త అలవాటు పడలేదు. భయపడుతూనే ఆమెతో లెక్కలు చేసింది, భయపడుతూనే ఆమె కంచంలోది తింది.

వానలు మొదలయ్యాయి. కొండదారిలో మట్టిపెళ్ళలు విరిగిపడి బళ్ళు ఆగిపోయాయి. ఒక ఆదివారం గొడుగు కోసం వచ్చే ఆవిడ రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. ఫ్లాస్కు తలకిందులు చేసినా చుక్క రాలని స్థితి వచ్చింది. గొడుగు పెదాలు పగిలాయి. పెన్ను పట్టుకుంటే వేళ్ళు వణికేవి. తరగతిలో ముందు బెంచీ అమ్మాయి జుట్టు పైకి ముడేసుకుంటే, గొడుగు పాఠం వదిలేసి ఆ మెడవైపే చూస్తూ కూర్చునేది. అది గమనించి అత్త ఆ అమ్మాయిని పక్కకి జరిపి, గొడుగుకి ముందు తను కూర్చుంది. చెవుల వెనక చెమట కారుతుంటే కదలకుండా కూర్చుందట.

వంటాయన దగ్గరికీ వెళ్ళింది. "మాంసం ఎప్పుడొస్తుందండీ?"

"దారి బాగుపడితేగా! ఏం, నాలుక పీకేస్తోందా?" అని ఆయన నవ్వాడు.

శనివారం మధ్యాహ్నం గొడుగు అత్త చెయ్యి పట్టుకుంది. చెయ్యి మంచుగడ్డలా ఉంది. "పిట్టా, నన్ను పెట్టెల గదిలో పెట్టి తాళం వెయ్యి. అడ్డమొచ్చేవాళ్ళు ఎవరూ లేరనుకో, నన్ను నేను పట్టుకోగలను. ఈ వరండాలో పిల్లలు అటూ ఇటూ పరిగెడుతుంటే నావల్ల కావడం లేదు."

పిల్లల ట్రంకుపెట్టెలన్నీ దాచే గది అది. వరండా చివర, కిటికీ లేకుండా ఉంటుంది. పెట్టెలోంచి పుస్తకం తీసుకోవాలని చెప్పి అత్త తాళంచెవి అడిగి తెచ్చింది. గొడుగుని లోపల పెట్టి తాళం వేసి, తలుపుకి ఆనుకుని కూర్చుంది. లోపలి నుంచి చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడమే ఎక్కువ భయంగా ఉందట.

కాసేపటికి తాళాల గుత్తి గలగల. వార్డెనమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని ఆరో తరగతి పాప. చలికి పాప పళ్ళు టకటకలాడుతున్నాయి.

"దీని స్వెట్టరు పెట్టెలో ఉందట. లే, తలుపు తియ్యి. వెళ్ళి వెతుక్కో పాపా."

అత్త లేచింది గానీ తలుపు ముందునుంచి జరగలేదు. "నేను తెస్తానండీ. లోపలంతా బూజు, పాపకి దగ్గొస్తుంది. పెట్టె రంగేంటి పాపా?"

"ఆకుపచ్చ. మీద కుందేలు బొమ్మ ఉంటుంది."

వార్డెనమ్మ అనుమానంగా చూసింది. అత్త తాళం తీసి, సందు చేసుకుని లోపలికి దూరి, తలుపు వేసుకుని లైటు వేసింది. పెట్టెల మధ్య మూలన గొడుగు మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది. పిల్ల గొంతు వినబడింది కాబోలు, తలెత్తింది. ఆ కళ్ళలో తనని గుర్తుపట్టిన జాడే లేదని అత్త చెప్పింది. ఆమెకి వీపు చూపించకుండా, పక్కకి పక్కకి జరుగుతూ ఆకుపచ్చ పెట్టె వెతికి, స్వెట్టరు లాగి, తలుపు సందులోంచి బయటికి ఇచ్చింది.

"నువ్వు రావా?" అంది వార్డెనమ్మ.

"నా పుస్తకం ఇంకా దొరకలేదండీ."

వాళ్ళ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది. ఇప్పుడు తనూ బయటపడి తాళం వేసెయ్యచ్చు. కానీ ఆ పాప కాకపోతే ఇంకో పాప వస్తుంది. రేపో ఎల్లుండో ఎవరో వస్తారు. అత్త తన స్వెట్టరు చెయ్యి పైకి మడిచింది.

"వెళ్ళిపో పిట్టా," అంది గొడుగు. అది ఆమె గొంతులా లేదు.

"సూది కంటే ఎక్కువ నొప్పి పెడుతుందా?"

"తెలీదే. ఎప్పుడూ చెయ్యలేదు."

"అయితే నేను కళ్ళు మూసుకుంటాను. అయిపోయాక చెప్పు."

అయిపోయాక చెప్పే అవకాశం గొడుగుకి దొరకలేదు. అత్త ముందే స్పృహ తప్పింది. మెలకువ వచ్చేసరికి తల గొడుగు ఒళ్ళో ఉంది. మణికట్టుకి చేతిరుమాలు కట్టి ఉంది. గొడుగు వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఆపగలిగానే పిట్టా. ఆపగలనని నాకే తెలీదు."

ఆ తర్వాత అత్తకి కొత్త భయం పట్టుకుంది. తనూ అలా మారిపోతుందేమోనని. పొద్దున్నే అందరికంటే ముందు లేచి అద్దం ముందుకి పరుగు. తనున్నానని చూసుకుని, చాలక పక్కనున్న పిల్లల్ని కూడా "నేను కనబడుతున్నానా?" అని అడిగేది. పదో తరగతి ఒత్తిడికి దీనికి మతి చలించిందన్నారు పిల్లలు. ఎండలో నిలబడి చూసుకుంది, మాంసం కూర వాసన చూసి ఏమైనా అవుతుందేమోనని చూసుకుంది. ఏమీ కాలేదు.

దారి బాగుపడింది. ఆదివారం ఆ ఆవిడ వచ్చింది. సగం మనిషైపోయింది. దగ్గుతూ, గోడ పట్టుకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చుంది. గొడుగు వెంట అత్త కూడా వెళ్ళింది. గొడుగు దగ్గరికి రాగానే ఆవిడ ఆమె రెండు చేతులూ పట్టుకుని బావురుమంది.

"క్షమించు అక్కా. మంచం మీంచి లేవలేకపోయానే అక్కా."

అక్క ఎవరా అని అత్త వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. నెరిసిన జుట్టావిడ పదిహేనేళ్ళ పిల్ల భుజం మీద తలపెట్టి ఏడుస్తోంది. పిల్ల ఆవిడ వీపు నిమురుతోంది.

"నా చెల్లెలు," అంది గొడుగు మెల్లగా. "నన్నెవరో కొరికి దాదాపు రక్తమంతా తాగేసినప్పుడు దీనికి జడ వేసుకోవడం కూడా రాదు. నేనే వేసేదాన్ని. ఆ తర్వాత ఇది పెరిగింది, నేను పెరగలేదు."

"మరి ఈ స్కూలెందుకు?"

"పదిహేనేళ్ళ పిల్ల ఎక్కడ ఒంటరిగా ఉన్నా నలుగురూ ఆరా తీస్తారు. స్కూల్లో ఎవరూ అడగరు. ఏడాది కాగానే అందరూ చెల్లాచెదురు. నేను ఇంకో ఊరు పోతాను. మళ్ళీ పదో తరగతి."

ఆవిడ చూపు అత్త మణికట్టు మీది రుమాలు మీద పడింది. అక్కవైపు చూసింది, గొడుగు తల దించుకుంది. ఆవిడ అత్తని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేను ఎక్కువ కాలం ఉండనమ్మా. నా పిల్లలకి దీని సంగతి చెప్పుకోలేదు. చెబితే నన్ను పిచ్చిదానికింద జమకడతారు. నా తర్వాత..."

"నాకు మాంసం కొట్టంటేనే భయమండీ," అంది అత్త.

"నాకూ అలాగే ఉండేది," అందావిడ.

ఆవిడ ఆ మరుసటి ఏడు పోయింది. అప్పటికి అత్త చదువు ముగించుకుని కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో చేరింది. కొన్నేళ్ళకి పెద్ద కంపెనీలో మంచి ఉద్యోగం వస్తే వద్దంది. అక్కడ ఆదివారం సెలవు లేదు. మా తాత తలబాదుకున్నాడు. కారణం ఎవరికీ చెప్పలేదు.

మొదటిసారి మాంసం కొట్టు ముందు నిలబడి లోపలికి పోవడానికి ఒక పూట పట్టిందట. కొట్టాయనే పిలిచి అడిగాడు.

"ఏం కావాలమ్మా?"

"రక్తం. కుక్కకి."

"గడ్డకట్టిందా, పల్చందా?"

అత్త ఆ మాటకే గుమ్మం పట్టుకుంది. ఆయనే జాలిపడి, ఉప్పు వేసి కలిపి, గడ్డకట్టకుండా ఎలా ఉంచాలో చెప్పి, ఫ్లాస్కు నింపి ఇచ్చాడు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మూత ఊడుతుందేమోనని రెండు చేతులతో నొక్కి పట్టుకుని కూర్చుంది.

అలా ఎన్నో ఊళ్ళు, ఎన్నో స్కూళ్ళు. మొదట్లో గేటు దగ్గర అక్కనని చెప్పేది. తర్వాత అమ్మనని చెప్పింది. పెళ్ళి మాటలప్పుడు మా మామయ్యకి ఉన్న విషయం చెప్పింది. ఆయన నవ్వి, "పెళ్ళి ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పు, ఇన్ని కథలెందుకు?" అన్నాడు. పెళ్ళయ్యాక ఒక ఆదివారం వెంట వెళ్ళి చూసి వచ్చాడు. ఇంటికి రాగానే ఫ్లాస్కుని వేణ్ణీళ్ళతో కడిగి బోర్లించాడు. బతికినన్నాళ్ళూ ఆ పని ఆయనదే. పిల్లలు కలగలేదు. ఏ పెళ్ళి అయినా, ఏ చావు అయినా ఆదివారం పడితే అత్త ఉండేది కాదు. మా ఇళ్ళల్లో దాని గురించి చాలా మాటలే అనుకున్నారు. బస్సుల సమ్మె జరిగినా, జ్వరమొచ్చినా ఆమెకి కళ్ళముందు ఒకటే కనబడేది, ఎవరిదో మెడ, ఎవరో తెలియని పిల్ల మెడ.

మామయ్య పోయాక, నిరుడు అత్తకి మోకాలికి ఆపరేషన్ అయింది. శనివారం నాకు ఫోన్ చేసింది. "కారు తీసుకురాగలవా? రేపు ఒక చోటికి పోవాలి." దారిలో మొత్తం చెప్పింది. నేను వింటూ, మందుల మత్తు ఇంకా దిగలేదనుకున్నాను. అత్త చేతులు ఒళ్ళోని ఫ్లాస్కు మీంచి కదలలేదు.

స్కూలు కొత్తది, అద్దాల భవనం. గేటుకి కెమెరా. ఎదురుచూసే గదిలో కూర్చున్నాం. సన్నటి అమ్మాయి గొడుగు మడుస్తూ వచ్చి, అరవై దాటిన మా అత్త ముందు నిలబడి, "ఏంటే పిట్టా, కాలెలా ఉంది?" అంది. అత్త నన్ను చూపించి, "మా అన్న కూతురు," అంది. ఎదురుగా గోడకి నున్నటి నల్లటి టీవీ తెర ఉంది. అందులో అత్త, నేను కనబడుతున్నాం. మేమిద్దరమే.

గొడుగు కంగారుగా ఉంది. స్కూలువాళ్ళు పిల్లలందరికీ గుర్తింపు కార్డులు చేస్తున్నారు. ఆమె ఫోటోలో కుర్చీ ఒక్కటే పడింది. కెమెరా పాడైందని మళ్ళీ తీశారు. మళ్ళీ కుర్చీయే. సోమవారం ఇంకో కెమెరా తెస్తారట.

"ఇంకో స్కూలు చూడాలి పిట్టా."

"ఎక్కడ చూసినా ఇవే ఉంటాయి. చాల్లే నీ పదో తరగతి. ఇంటికి పోదాం పద."

గొడుగు వెనక్కి జరిగింది. "మీ మేడ మీద అద్దెకున్నవాళ్ళకి పసిపాప ఉందన్నావుగా. నావల్ల కాదు."

"నా దగ్గర ఆపావుగా. అప్పుడు నేనెంత బొద్దుగా ఉన్నాను!"

"ఒక్కసారి ఆపాను. ఒక్కసారే."

అత్త కర్ర ఊతంతో లేచి, "పెట్టె ఎక్కడుంది?" అంది. తిరుగు ప్రయాణంలో గొడుగు వెనక సీట్లో కూర్చుంది. నేను మెడ చుట్టూ కండువా బిగించుకుని కారు నడిపాను.

ఇప్పుడు గొడుగు అత్త ఇంట్లోనే ఉంటోంది. మనవరాలని చెప్పుకుంటున్నారు. మొన్న నేను వెళ్ళినప్పుడు మేడ మీది అమ్మాయి పాపతో దిగి వచ్చింది. స్టవ్వు మీద పాలు పొంగుతున్నాయట, "ఒక్క నిమిషం పట్టుకోవా?" అంటూ గొడుగు చేతుల్లో పెట్టేసి పైకి పరిగెత్తింది. అత్త కుర్చీ చేతుల్ని పట్టుకుని ముందుకి వంగింది. నేను గుమ్మంలో కొయ్యబారిపోయాను. గొడుగు ముఖం పక్కకి తిప్పుకుని, పాపని రెండు చేతులా దూరంగా, వేడి గిన్నెని పట్టుకున్నట్టు పట్టుకుంది. పాప ఆమె జడ లాగి కిలకిలా నవ్వింది. గొడుగు పళ్ళు బిగబట్టి అలాగే నిలబడింది. వాళ్ళమ్మ వచ్చి తీసుకునేదాకా ముగ్గురం ఊపిరి తీసుకోలేదు.

ఆమె వెళ్ళాక గొడుగు వంటింట్లోకి పోయి ఫ్లాస్కులోంచి ఒక గ్లాసు తాగి వచ్చి అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది.

"చచ్చేంత భయమేసిందే."

"నాకూను," అంది అత్త.

"రేపు కూడా పాపని ఇస్తానంటోంది."

"ఇవ్వనీ. నేనిక్కడే కూర్చుంటాను."

అత్త ఎన్నాళ్ళు కూర్చోగలదు? ఆమెకి ఆయాసం వస్తోంది, మోకాలు పూర్తిగా నయం కాలేదు. ఆమె తర్వాత ఎవరన్నది ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. గొడుగు నన్ను చూసినప్పుడల్లా "బాగున్నావా అమ్మా?" అని పెద్దదానిలా పలకరిస్తుంది, అంతే. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. నాకు మా అత్తంత ధైర్యం లేదు. శనివారం సాయంత్రం ఫోన్ మోగితే మాత్రం, తీసేముందు కాసేపు దానివైపే చూస్తూ ఉండిపోతున్నాను.